పోలీసన్నకు చూపెట్టే పాలసీ

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా బండి ఇన్సూరెన్సులు రెండే రకాలు. ఒకటి పోలీసులకు చూపెట్టేది, రెండోది షోరూమువాళ్ళు అంటగట్టేది. చట్టంలో థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్, కాంప్రహెన్సివ్ అని ఏవేవో ఉన్నాయంటారు గానీ, కండ్లకోయ చౌరస్తాలో వాటితో ఎవరికీ పని లేదు. "ఎంతల అయితది?" అన్నదొక్కటే ప్రశ్న. "తక్కువల తీస్కో అన్నా, చెకింగ్‌ల చూపెట్టనీకె చాలు" అన్నదొక్కటే జవాబు. పొల్యూషన్ సర్టిఫికెట్లిచ్చే వ్యాను నీడలో రెండు నిమిషాల్లో బేరం తెగిపోతుంది. పాలసీ ఫోనులోకొస్తుంది. దాన్ని చదివిన మానవుణ్ణి నేనింకా చూడలేదు.

ఆ తక్కువది కూడా దండగే అనేవాళ్ళది మరో మెట్టు పైచదువు. 75 నుంచి 150 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో ఖరారైన రేటు ప్రకారం 714 రూపాయలు. జీఎస్టీ కలిపితే 843. పాలసీ లేకుండా దొరికితే మొదటిసారి 2 వేలు, మళ్ళీ దొరికితే 4 వేలు జరిమానా. మూడు నెలల జైలు కూడా చట్టంలో రాసే ఉంది. ఏది లాభమో చిన్న పిల్లాడైనా చెబుతాడు. కానీ మనవాడు పిల్లాడు కాదు కదా, చరిత్ర తెలిసినవాడు. 2022 మార్చిలో సర్కారు పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం మాఫీ ఇచ్చింది. 2023 డిసెంబరులో సర్కారు మారింది, మాఫీ 80 శాతమైంది. ఇంకో రెండు సర్కార్లు మారితే చలాన్లున్నవాళ్ళకే ఎదురు డబ్బులిస్తారని ఆయన గట్టి నమ్మకం.

ఇదే పెద్దమనిషికి తుర్కపల్లి వైపు రెండొందల గజాల ప్లాటుంది. దానికి ప్రహరీ, గేటు, 'ఈ స్థలము అమ్మబడదు' అని బోర్డు. హద్దురాళ్ళు ఎవడైనా జరిపాడేమోనని ప్రతి ఆదివారం రాజీవ్ రహదారి మీద వెళ్ళి చూసుకొస్తాడు. వెళ్ళేది పాలసీ లేని బండి మీద. తూంకుంట దగ్గర రోడ్డు దాటుతున్న మనిషికి ఆ బండి తగిలి ప్రాణం పోయిందనుకోండి. 714 రూపాయల పాలసీ ఉండుంటే ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేసినా కంపెనీయే కట్టేది. చావు కేసులో ఆ పాలసీకి పరిమితి అంటూ లేదు. పాలసీ లేకపోతే బండి ఓనరే కట్టాలి. కట్టకపోతే భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే కలెక్టర్ ద్వారా వసూలు చేయించవచ్చని మోటారు వాహనాల చట్టం 174వ సెక్షన్ చెబుతోంది. భూమిశిస్తు బకాయికి మొదట దేనివైపు చూస్తారో గజాల లెక్క తెలిసినవాడికి వేరే చెప్పాలా?

ఇక షోరూము భక్తులు. వీళ్ళు బేరమాడరు, చెప్పిందల్లా కొంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది. "ఐదేళ్ళు టెన్షనే లేదు సార్" అంటాడు కౌంటరులో కుర్రాడు. వాడన్నది అబద్ధమేమీ కాదు, ఆ టెన్షన్ లేనిది ఎదుటివాడికి. మన బండికి జరిగే నష్టం, దొంగతనం చూసుకునే భాగం సాధారణంగా ఏడాదికే. రెండో ఏడు శామీర్‌పేట చెరువు దగ్గర బండి ఆపి, చేపల వేపుడు తిని వచ్చేసరికి అది మాయమైతే, చేతిలో పాలసీ నిక్షేపంగా ఉంటుంది, గడువూ ఉంటుంది. పైసా మాత్రం రాదు.

ఓన్ డ్యామేజ్ రెన్యువల్ చేయించినవాడికీ పూర్తి డబ్బు ముట్టదు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి కట్టిన ఆన్‌రోడ్ ధర మనకు గుర్తుంటుంది, కంపెనీకి గుర్తుండదు. షోరూము ధరలోంచి రెండేళ్ళు దాటితే 30 శాతం, నాలుగేళ్ళు దాటితే సగం కోసేసి మిగిలిందే బండి విలువ అంటుంది. కిందపడితే మొదట పగిలేది ప్లాస్టిక్కు, దాని బిల్లులో సగం మనదే. జీరో డెప్ అనే అదనపు కవరు తీసుకుంటే ఈ ప్లాస్టిక్కు కోత తప్పుతుంది. కొత్త స్కూటర్‌కు అది దండగ అనను. పదేళ్ళ స్ప్లెండర్‌కు థర్డ్ పార్టీ చాలన్నవాణ్ణీ తప్పుపట్టను, బండి పోతే పోయేది ఏపాటి? బండి మీద ఎవరెవరు ఎక్కుతారో అడగకుండా చాలన్నవాడితోనే నా పేచీ.

బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, ఖర్చు కొన్ని వందలు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు 'నాకు వేరే చోట ఉంది' అని ఒక గడి కనిపిస్తుంది. మనవాడు ఠక్కున టిక్కు పెడతాడు. ఆ వేరే చోటు ఏ జిల్లాలో ఉందో ఆయనకే తెలియాలి.

వెనక సీటు సంగతి ఇంతకన్నా విడ్డూరం. చట్టానికి సరిపడా తీసుకున్న థర్డ్ పార్టీ పాలసీలో బండి వెనక కూర్చున్నవాళ్ళు రారని సుప్రీంకోర్టు తిలక్ సింగ్ కేసులో 2006లోనే తేల్చింది. వాళ్ళు కూడా రావాలంటే అదనంగా కొంత కట్టాలి, లేదా కాంప్రహెన్సివ్ తీసుకోవాలి. అంటే చెకింగ్‌లో చూపెట్టనీకె కొన్న పాలసీ రోడ్డున పోయే ముక్కూమొహం తెలియని దానయ్యను చూసుకుంటుంది. కొంగు చుట్టుకుని, ఒళ్ళో పిల్లతో, చేతిలో కూరగాయల సంచీతో వెనక కూర్చున్న ఇల్లాలిని చూసుకోదు. ఆమె కూర్చున్న సీటు కవరుకు మాత్రం మేడ్చల్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, రంగు చూసి, మెత్తదనం నొక్కి చూసి కొన్నాడు.

ఇవన్నీ ఎవరిని అడగాలంటారా? దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. కండ్లకోయలో ఔటర్ ఎక్కితే నేరుగా పోవచ్చు. కాకపోతే ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు. సుచిత్ర, బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా లారీలకూ బస్సులకూ మధ్య దారి చేసుకుంటూ పోవాలి. బయల్దేరే ముందు పాలసీ తేదీ చూసుకోండి, వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.