కోయని కత్తుల కొలువు

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడి దగ్గర 34 కత్తులున్నాయి. నిరుడు దసరాకి నేను అక్కడున్నప్పుడు ఒక సాయంత్రం 35వది పార్సెల్లో దిగింది. అట్టపెట్టె చుట్టూ నాలుగు వరసల టేపు. వాడు జేబులు తడుముకుని, తాళంచెవి తీసి, దాని ముక్కుతో టేపుని పొడిచి పొడిచి, ఆఖరికి పంటితో పీకాడు. "అదేవిఁట్రా, గదినిండా కత్తులు పెట్టుకుని?" అన్నాను. "టేపు జిగురంటుకుంటే బ్లేడు పాడైపోతుంది మావయ్యా" అన్నాడు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

ఆ కత్తులున్న అద్దాల బీరువాని మా అక్క బొమ్మల కొలువంటుంది. లోపల దీపాలు, మెట్లు మెట్లుగా అరలు, ముఖమల్ గుడ్డ, అన్నీ ఉన్నాయి. పేరంటాళ్లూ శనగలూ మాత్రం లేవు. ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా పట్టుకుని అక్క బీరువా దగ్గరకెళ్లింది. "అమ్మా, తడి తగిలితే మచ్చపడుతుంది, వేలిముద్రకే తుప్పు పట్టేస్తుంది" అని వాడు చేతులడ్డం పెట్టాడు. తల్లి మాట తీసెయ్యలేక, కత్తి పాడుచేసుకోలేక, బేరం ఒకచోట కుదిరింది. బొట్టు అద్దానికి పెట్టారు.

ఇంతా చేసి ఆ ఇంట్లో కూరగాయలు తరిగే చాకు ఒక్కటే. అది మొద్దు. టమాటాని కొయ్యదు, నలుపుతుంది.

ఈ కొలువుకి మూలం ఒక జాబితా. సేకరించే ప్రతివాడి దగ్గరా తప్పనిసరిగా ఉండాల్సిన కత్తులట. ఒక బౌవీ, ఒక కా-బార్, ఒక బక్ 110, ఒక స్విస్ చాకు, ఒక ఒపినెల్, ఒక కమాండో బాకు, ఒక కుక్రీ, ఒక డమాస్కస్. పదితో మొదలవుతుంది, ఏడాది తిరిగేసరికి పాతికవుతుంది. రాసేవాడు కత్తులమ్మేవాడికి దూరపు చుట్టం కాకపోతే దగ్గరి చుట్టమయ్యుంటాడని నా అనుమానం. తప్పనిసరి అంటే మాకు తెలిసింది ఉప్పు, మంచినీళ్లు, వానాకాలంలో గొడుగు. కమాండో బాకు లేక పొయ్యి వెలగని సంసారం ఒక్కటి చూపించండి, నేనూ ఒకటి కొంటాను.

జాబితాకి పెద్దకొడుకు బౌవీ. దాని కథ వినితీరాలి. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలో, నాచెజ్ ఊరి దగ్గర, ఒక ఇసుకతిన్నె మీద ఇద్దరు పెద్దమనుషులు తుపాకులతో ద్వంద్వయుద్ధానికి దిగారు. రెండేసి గుళ్లు కాల్చుకున్నారు, ఒక్కటీ తగల్లేదు. ఇద్దరూ చేతులు కలుపుకుని రాజీపడ్డారు. అక్కడితో అయిపోవాలి. కానీ వెంటవచ్చినవాళ్లు ఊరుకోలేదు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ బాగానే ఉంటే వియ్యాలవారు తన్నుకున్నట్టు, రెండు పక్షాలవాళ్లూ ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. అందులో జిమ్ బౌవీ గుళ్లూ తిన్నాడు, కత్తిపోట్లూ తిన్నాడు. తిని, పెద్ద కత్తి తీసి నోరిస్ రైట్ అనేవాణ్ణి చంపాడు. ఆ కత్తితోపాటు అతనూ పురాణపురుషుడయ్యాడు. 1836లో టెక్సస్‌లోని అలమో కోటలో పోయాడు.

ఇంతకీ ఆ కత్తి ఎలా ఉంటుంది? అసలు గొడవంతా అక్కడే. కసాయివాడి కత్తిలాంటిదని అప్పటివాళ్లన్నారు. అది తన కత్తేనని చెప్పిన అన్న రెజిన్ బౌవీ, 9¼ అంగుళాల పొడవు, ఒకవైపే పదును, వంపులేని అలుగు అని 1838లో రాశాడు. ఇవాళ సినిమాల్లోనూ మావాడి బీరువాలోనూ ఉన్న బౌవీకి మొన దగ్గర చిలకముక్కు వంపుంటుంది. అంటే కత్తిని చేయించినవాడు ఇప్పుడు లేచివచ్చినా, ఇది నాది కాదని వెళ్లిపోతాడు. ఇంకోమాట. ఆ రోజుల్లో అమెరికా వీరులు మొలలో దోపుకున్న బౌవీల్లో చాలావాటిని ఇంగ్లండులోని షెఫీల్డువాళ్లు చేసి ఓడల్లో పంపారు. అలబామా రాష్ట్రం 1837లోనే దీని అమ్మకం మీద 100 డాలర్ల పన్నేసింది. బౌవీ ప్రాణమిచ్చిన టెక్సస్ 1871లో దీన్ని మొలలో పెట్టుకు తిరగడమే నేరమంది. 2017 సెప్టెంబరు 1 దాకా ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. మావాడు నాకు దీన్ని స్వేచ్ఛకి గుర్తుగా చూపించాడు.

పోనీ ఇండియా తెచ్చుకుంటాడా అంటే, మన ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన అలుగు ఆయుధాల పట్టికలో చేరుతుంది. రెజిన్ చెప్పిన కొలతకైతే పావంగుళం దగ్గర పట్టుబడతాడు. వంటకీ వ్యవసాయానికీ చేసిన కత్తులకు మాత్రం ఆ పట్టింపు లేదు. దేనికిది అని చట్టానికి కూడా అడగాలనిపించింది, మావాడికి అనిపించలేదు.

మిగతావాటి దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. స్విస్ సైనికుల చాకు మొదటి విడత జర్మనీలోని సోలింగెన్‌లో తయారైంది. ఒపినెల్ ఫ్రాన్సు కొండప్రాంతపు రైతులు రొట్టె కోసుకునే చాకు, చవక, మంచిది. అందుకేనేమో బీరువాలో కింది అరలో ఉంది. 1940లో రూపుదిద్దుకున్న ఫెయిర్‌బైర్న్-సైక్స్ కమాండో బాకు మనిషిని పొడవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. దాంతో ఉల్లిపాయ తరగబోతే ఉల్లిపాయే గెలుస్తుంది.

ఇక డమాస్కస్. మావాడు తెల్ల చేతితొడుగులు వేసుకుని తీశాడు. అలుగు మీద నీటి అలల్లా చారలు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. "వేల ఏళ్ల రహస్యం మావయ్యా ఇది, సిరియాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పేరు మోసిన పాత కత్తులకు ఉక్కు ముద్దలు మన దేశం నుంచి వెళ్లాయి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మర్లు మూసిన మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఆ ముద్దలు తీసేవాళ్లు. హెన్రీ వాయ్సీ అనే దొర 1820ల మొదట్లో అక్కడికెళ్లి కళ్లారా చూసి రాసిపెట్టాడు. అది 1832లో అచ్చయింది. అప్పటికి పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం ఆ పల్లెదాకా వచ్చేవాళ్లు. ఉక్కు అన్న మన మాటే తెల్లవాళ్ల నోట్లో 'వూట్జ్' అయిందంటారు. ఉక్కు మా హక్కని రోడ్డెక్కిన జాతివాడు, డాలస్‌లో కూర్చుని దాన్ని సిరియా ఖాతాలో వేస్తున్నాడు.

సరే, పేరు సిరియాది, ఉక్కు మనది. మరి వాడి చేతిలో ఉన్నదో? రెండూ కాదు. బిల్ మోరన్ అనే అమెరికా కమ్మరి 1973లో తన డమాస్కస్ కత్తుల్ని ప్రదర్శనకు పెట్టిన దగ్గర్నుంచి అక్కడ ఈ మోజు ఊపందుకుంది. రెండు మూడు రకాల ఉక్కు పలకల్ని పేర్చి, కాల్చి, సుత్తితో అతికి, మడిచి, మళ్లీ కొట్టి, ఆసిడ్‌లో ముంచితే పొరలు బయటపడతాయి. అచ్చం తాపేశ్వరం మడతకాజా పద్ధతి. కాజాని నేను తక్కువచెయ్యడం లేదు, మడత పెట్టడానికీ పనితనం కావాలి. కానీ కోనసముద్రం ఉక్కులో చారలు ఎవరూ మడిస్తే వచ్చినవి కావు. ముద్ద నిదానంగా చల్లారి, సాగగొట్టేటప్పుడు లోపల్నుంచి కట్టుకున్నవి. వర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్తా, పెండ్రే అనే ఫ్లారిడా కమ్మరీ ఏళ్లతరబడి మూసలు కాల్చి, ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వెనేడియం లాంటివి ఆ చారలకి కారణమని తేల్చారు. ఇప్పటి చవకబారు డమాస్కస్ రకాల్లో ఆ మడతలూ ఉండవు. మామూలు స్టీలు మీద లేజరుతో అలలు గీస్తారు. అంటే కాజా బొమ్మ అచ్చువేసిన బిస్కట్టు. ఇదంతా చెప్పాక మావాడు కాసేపాలోచించి, "అయితే ఒక ఒరిజినల్ వూట్జ్ కూడా కొనాలన్నమాట" అన్నాడు. జాబితాలో ఇంకొకటి పెరిగింది. తప్పు నాదే.

వాడికి అన్నిటికంటే ప్రాణమైనది సెబెంజా అనే మడత చాకు. 400 డాలర్ల పైమాటే. దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్లిన క్రిస్ రీవ్ అనే పనివాడి సృష్టి. జులూ భాషలో ఆ మాటకి అర్థం 'పని'. కొన్న దగ్గర్నుంచి మావాడు దాంతో ఒక నిమ్మకాయ కొయ్యలేదు. వాడితే ధర పడిపోతుందట, ఇది పెట్టుబడట. బంగారు కత్తని మెడకోసుకుంటామా అని మనవాళ్లన్నారు. బంగారు కత్తయినా ఏదో ఒకటి కోస్తుందని పాపం వాళ్లు నమ్మారు.

మొన్న సంక్రాంతికి తల్లీ కొడుకూ రాజమండ్రి వచ్చారు. అక్క తన పెట్టెలో, చీరల మధ్య, డాలస్ వంటింటి మొద్దు చాకుని గుడ్డలో చుట్టి తెచ్చింది. కొడుకు దగ్గర జపాన్ సానరాళ్లే ఆరు రకాలున్నాయి, అవి మామూలు చాకు మీద వాడేవి కావట. కనుమ మర్నాడు వీధిలో "సాన పడతాం, కత్తులకి, కత్తెరలకి" అని కేక వినిపించింది. సైకిల్ స్టాండు వేసి, పెడలు తొక్కుతూ రాయి తిప్పుతున్నాడు ముసలాయన. అక్క కంటే ముందు మావాడు గుమ్మం దిగాడు. జేబులోంచి సెబెంజా తీసి, విప్పి చూపించి, పదును కోణం పదిహేను డిగ్రీలు పెడతారా, ఇరవయ్యా, మీ రాయి ఎంత నునుపు, నీళ్లు పోస్తారా, నూనా అని వరసగా అడిగాడు.

ఆయన పెడలు ఆపాడు. చాకుని చేతిలోకి తీసుకోకుండానే అటూ ఇటూ చూశాడు.

"దీంతో ఏం కోస్తారు బాబూ?"

మావాడు నావైపు చూశాడు. నేను కొబ్బరిచెట్టు వైపు చూశాను. వెనకాల్నుంచి అక్క కొంగులో చుట్టిన చాకు తీసి ముందుకి చాపింది.

"వాడేవీ కొయ్యడు నాయనా. ముందు ఇది పట్టు, బెండకాయలు తరగాలి."