పేరు నాది, కారు నాది కాదు

నేను సింగపూర్ కారు నంబర్ ప్లేటుని. నల్ల రేకు మీద తెల్ల రాత. మొదట ఎస్, తరవాత మరో రెండు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఇంకో అక్షరం. ఆ చివరి అక్షరాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా నిజాయితీకి సాక్షి అదే.

ఎస్ తరవాతి అక్షరాలకు ఏ అంటే 1, బి అంటే 2 అని వరసగా విలువ కడతారు. ఆ రెంటినీ, నాలుగు అంకెలనూ వరసగా 9, 4, 5, 4, 3, 2తో హెచ్చవేసి, మొత్తం కూడి, 19తో భాగిస్తారు. మిగిలిన శేషమే చివరి అక్షరాన్ని నిర్ణయిస్తుంది. దానికి వాడే అక్షరాలు 19 మాత్రమే. నోటికొచ్చిన నంబరు రాసుకున్నవాడు ఆ ఒక్క అక్షరం దగ్గర తప్పటడుగు వేస్తాడు. లెక్క నేర్చుకుని సరిగ్గా రాసుకున్నా, ఆ నంబరు ఏ కారుకిచ్చారో ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ రికార్డు చెప్పేస్తుంది. అందుకని దొంగకు కల్పించిన పేరు పనికిరాదు. బతికున్న కారు పేరు కావాలి. నా కథ అక్కడే మొదలైంది.

మావాళ్ళు గుంటూరు నుంచి వచ్చిన దంపతులు. ఈ దేశంలో కారు కొనాలంటే ముందు కారు పెట్టుకునే హక్కు కొనాలి. 1990 మే నుంచి ఆ హక్కు పత్రాన్ని వేలంలో అమ్ముతున్నారు. దాని ఆయుష్షు పదేళ్ళు. 2023 అక్టోబరులో పెద్ద కార్ల తరగతిలో ఆ పత్రమే 1,50,001 సింగపూర్ డాలర్లు పలికింది, కారు ఖరీదు వేరే. మావాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టి పాత కారే కొన్నారు. ఇంత ఖర్చయ్యే చోట కారు పోవడమంటే ఒక సంసారం పొదుపంతా పోవడమే.

అయితే కారు కొట్టేసినవాడికి ఈ దీవి చాలా ఇరుకు. రోడ్డు మీద బయటపడటానికి రెండే దారులు. వుడ్‌ల్యాండ్స్ నుంచి మలేసియాలోని జొహోర్ బారుకి వెళ్ళే కాజ్‌వే ఒకటి, 1998లో తెరిచిన తువాస్ రెండో వంతెన ఒకటి. కాజ్‌వే పొడవు కిలోమీటరు పైచిలుకు. 1924లో ప్రారంభమైంది. 1942 జనవరి 31న వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యం దాన్ని పేల్చి కొంత తెంపేసింది, జపాన్ సైన్యం మళ్ళీ అతికించింది. 1965లో సింగపూర్ మలేసియా నుంచి విడిపోయింది. 1967 నుంచి అటూ ఇటూ పోవడానికి పాస్‌పోర్టు చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ రెండు దారుల్లోని చెక్‌పోస్టుల మీదుగా రోజుకు మూడు లక్షలమందికి పైగా వచ్చిపోతుంటారు. తెల్లవారకముందే మోటార్‌సైకిళ్ళ మీద పనికి వచ్చేవాళ్ళు వాళ్ళలో ఎందరో. దొంగ కోసం అందరినీ ఆపితే వాళ్ళ కూడు పోతుంది. ఆపకపోతే దొంగ దాటిపోతాడు. అక్కడ డ్యూటీలో నిలబడేవాళ్ళ కష్టం అది. 2014 జనవరి 17న ఒక కారు ముందు కారు వెనకే అంటుకుని లోపలికి దూసుకొచ్చేస్తే, నడిపినామెను పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఒక్క క్షణం ఏమరుపాటు ఎంత దూరం పోతుందో అప్పుడు అందరికీ తెలిసింది.

ఇక నా సంగతి. ఒక రాత్రి మా అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో ఎవరో మరలు విప్పి నన్నూ, వెనకనున్న నా జోడీనీ పట్టుకుపోయారు. పొద్దున్నే అయ్యగారు చూసి, “కారు ఇక్కడే ఉందిగా, ఆఫీసు నుంచి వచ్చాక చూద్దాంలే” అన్నారట. అమ్మగారు ఊరుకోలేదు. “ఊడితే ఒకటి ఊడుతుందిగానీ రెండూ ఒక్కసారే ఎట్లా ఊడతాయండీ? ఎవరు ఏ పాపానికి వాడతారో! ముందు పోలీసులకు చెప్పండి” అని, ఆయన చెప్పులు వేసుకునేలోపే తానే ఫిర్యాదు రాసి పంపేశారు.

అప్పటికే నన్ను ఇంకో కారుకి బిగించారు. అద్దెకు తీసుకుని తిరిగివ్వకుండా దాచిన కారు అది. సొంతదారు ఫిర్యాదు చేయడంతో దాని అసలు నంబరు పనికిరాకుండా పోయింది. అదే కంపెనీ, అదే మోడల్, అదే రంగు కారు చూసుకుని మరీ నా మీద కన్నేశారు. రంగు సరిపోయింది. చివరి అక్షరం సరిపోయింది. రికార్డులోనూ నేను సరిపోయాను. నన్ను చూసి అబద్ధమనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఇంటిపేరు మార్చి పిల్లను ఎత్తుకుపోతున్నట్టనిపించింది నాకు. నోరు విప్పి చెప్పలేక కుమిలిపోయాను.

బుకిట్ తిమా ఎక్స్‌ప్రెస్‌వే వుడ్‌ల్యాండ్స్ చెక్‌పోస్టు దాకా తిన్నగా పోతుంది. నగరం నడిబొడ్డు నుంచి అరగంట ప్రయాణం. ఆ అరగంటే దొంగ పెట్టుబడి. పోయిందని తెలిసేలోపు గేటు దాటెయ్యాలి. కెమెరా ఎంత పదునైనదైనా, ఫిర్యాదు అందని నంబరును అనుమానించలేదు. ఆ రోజు మాత్రం అమ్మగారి ఫిర్యాదు నాకంటే ముందే అక్కడికి చేరింది. కారును పక్కకు తీయించారు. అధికారి నన్ను వదిలేసి, కారు ఒంటి మీద చెక్కిన 17 అక్షరాల ఛాసిస్ నంబరు చూశారు. మర విప్పి మార్చేది కాదది. అది నాతో కలవలేదు. నాకు అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

నా తోటి ప్లేట్ల తరఫున, కార్లున్న అందరికీ ఒక్క మాట. కారు పోతే పరుగెడతారు. రేకు పోతే “ఏముందిలే” అంటారు. ఆ “ఏముందిలే” మీదనే ఎవరిదో కారు సరిహద్దు దాటుతుంది, ఆ పాపం మీ నంబరుకు చుట్టుకుంటుంది. నేను కనబడకపోతే కొత్తది చేయించడానికి వెళ్ళేముందు పోలీసులకు చెప్పండి. అద్దెకిచ్చిన కారు గడువుకు రాకపోతే మొహమాటపడకుండా ఆ గంటే చెప్పండి. చెక్‌పోస్టులో నిలబడ్డవాళ్ళు ఎంత మేలుకున్నా, వాళ్ళకు కబురు పంపాల్సింది మీరే.