జాడ

మొన్న జనవరి మొదట్లో స్నోక్వాల్మీ పాస్ దగ్గర కొండ ఎక్కుతుంటే, నా కుడి స్కీ పోల్ చివరనున్న ప్లాస్టిక్ బిళ్ల ఊడి ఎక్కడో పడిపోయింది. కర్రను మంచులో కూరుకుపోకుండా ఆపేది ఆ బిళ్లే. అది లేకపోయేసరికి అడుగడుగునా కుడి పోల్ సగందాకా దిగబడిపోయేది.

లిఫ్టులు లేని కొండ. వెనక్కి జారకుండా స్కీల అడుగున స్కిన్లు అతికించుకుని, నేనూ నా మిత్రుడూ అడవిలోంచి రెండు గంటలు ఎక్కి గట్టు మీదికి చేరాం. అవతల గిన్నెలాంటి లోయ. ఒక్క గీత కూడా పడని మంచు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ముందు తవ్వి చూద్దాం" అన్నాడు మిత్రుడు. ఆ పొద్దున అవలాంచ్ సెంటర్ మంచు చరియల ప్రమాదాన్ని అయిదింట మూడో స్థాయి అని చెప్పింది. మూడంటే మధ్యరకమే కదా అనిపిస్తుంది. ఎక్కువ ప్రాణాలు పోయేది అలాంటి రోజుల్లోనే. వాలు కొలిస్తే 37 డిగ్రీలు వచ్చింది. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే.

గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న దిమ్మెను కోసి వేరుచేశాం. దాని మీద పార ఆనించి మణికట్టు ఊపుతో పది దెబ్బలు, మోచేతి ఊపుతో పది, భుజం ఊపుతో పది వెయ్యాలి. మోచేతి రెండో దెబ్బకే పైనున్న గట్టి పలక, సొరుగు లాగినట్టు నున్నగా జారి నా ఒళ్లో పడింది. కింది పొరలో చెయ్యి పెడితే మంచు పంచదార పలుకుల్లా వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. పైన గాలి పేర్చిన పలక, కింద పట్టులేని పొడి. అది విరగడానికి ఒక్క మనిషి బరువు చాలు.

మారుమాట లేకుండా వెనక్కి తిరిగాం. మరో పక్కనుంచి, దట్టమైన చెట్ల మధ్యగా దిగి వచ్చేశాం.

కారులో టన్నెల్ క్రీక్ గురించే మాట్లాడుకున్నాం. 2012 ఫిబ్రవరిలో, ఇదే కాస్కేడ్ కొండల్లో 16 మంది కలిసి వెళితే ముగ్గురు చరియకు బలైపోయారు. ఆరితేరినవాళ్లే. కొందరికి లోపల అనుమానం ఉన్నా పైకి అనలేదు.

"మనం చూసింది సెంటర్‌కి రాసి పంపు, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు మిత్రుడు.

"ఇంటికెళ్లాక" అన్నాను. ఇంటికెళ్లాక వేణ్నీళ్లు పోసుకుని, చారన్నం తిని పడుకున్నాను.

మరుసటి వారం బెల్‌వ్యూలో ఒకరింట సంక్రాంతి భోజనాలు. సోఫాలో ఒక కుర్రాడు, కాలికి కట్టు.

"ఏమైంది తమ్ముడూ?"

"స్కీయింగ్‌కెళ్లామన్నా, పోయిన శనివారం మధ్యాహ్నం" అంటూ ఆ లోయ పేరే చెప్పాడు. నా చేతిలో అరిసె చేతిలోనే ఉండిపోయింది. చరియ విరిగి మెడదాకా కూరుకుపోతే, రూమ్మేట్ పారతో తవ్వి తీశాడట.

"రిపోర్టు చూసుకోలేదా?"

"చూశామన్నా. వెనక్కి పోదామనే అనుకున్నాం. ఇంతలో అడవిలో పొద్దున ఎవరో ఎక్కిన జాడ కనిపించింది. గట్టు మీద గాలికి అంతా చెరిగిపోయింది. లోయలోకే దిగుంటారులే అనుకున్నాం."

నేనేం మాట్లాడలేదు. అతనే అన్నాడు:

"ఆ జాడలో ఎడమ పోల్ గుర్తులు పైపైనే ఉన్నాయి. కుడివి మాత్రం లోతు గుంటలు. పోల్‌కి బిళ్ల కూడా లేకుండా ఎక్కాడంటే బాగా చెయ్యి తిరిగినవాడే అయ్యుంటాడు, భయం లేదు అనుకున్నామన్నా."