533220: ఐ.పోలవర సంఖ్యకు టీకా తాత్పర్యము

మూలము: 533220.

అవతారిక: కోనసీమలోని ఐ.పోలవరమునకు తపాలా శాఖ ఒసగిన పిన్‌కోడ్ ఇది. బండి నంబరును, ఫోను నంబరును అంకె వెంట అంకె కూడి శుభాశుభములు చెప్పు న్యూమరాలజీ విద్వాంసులు చిరునామాలపైనను కన్ను వేసియున్నారు కనుక, వారు చేయి పెట్టకముందే దీనికొక టీక అవసరమైనది.

ప్రతిపదార్థము: 5 = ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు చేరిన తపాలా మండలము; 533 = ఉత్తరములను వేరుపరచు జిల్లా; 220 = బట్వాడా చేయు ఆఫీసు. తక్కినది స్పష్టము. 1972 ఆగస్టు 15న అమలైన ఈ పద్ధతికి కర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి. కవి కూర్చిన అంకెలకు ఇంతకాలము వ్యాఖ్యాత దొరకకపోవుట శోచనీయము.

విశేషములు: అంకెకు బదులు అంత లెక్క గల వస్తువును పేర్కొనుచు ఒకట్ల స్థానమునుండి చెప్పుకొనివచ్చు భూతసంఖ్యా పద్ధతిలో ఇది 'గగన నేత్ర కర గుణాగ్ని శర' సంఖ్య యగును. ఈ విద్యలో పావులూరి మల్లనకు సాటి లేదు; చదరంగపు అరువదినాలుగు గళ్ళలో ఒకటి మొదలు రెట్టింపు చేసికొనిపోగా తేలు 18446744073709551615 అను ఇరువది అంకెల మొత్తమును ఆయన గణితము ఒక్క పద్యమున ఇమిడ్చినది. ఆ మహాసంఖ్యను 641 నిశ్శేషముగా భాగించును. అందలి కారణాంకమైన 4294967297ను ప్రధాన సంఖ్యయని ఫెర్మా నమ్మియుండగా, 1732లో ఆయిలర్ ఈ 641నే చూపి ఆ నమ్మకమును కూల్చెను. పద్యమున ఒదిగిన సంఖ్య నోటికి వచ్చును, ఫారమున వ్రాసినది రాదు.

ప్రకృతమునకు వత్తము. 533220 అనగా 60×8887. 8887 ఒకటిచేతను తనచేతను తప్ప భాగింపబడని ప్రధాన సంఖ్య. కావున అరువదేండ్ల ప్రభవాది చక్రము 8887 మార్లు తిరిగినచో ఇన్ని ఏండ్లగును. ఇది 432000 ఏండ్ల కలియుగమును 101220 ఏండ్లు మించును. భాజకములు 24, కేశవనామములన్ని.

పూర్వపక్షము: అంకెలు కూడగా 15, మరల కూడగా 6, ఆరు శుక్రునిది, కావున ఊరికి భోగము. ఖండనము: ఇట్లు కూడగా మిగులునది తొమ్మిదిచే భాగింపగా వచ్చు శేషమే (శేషము సున్న అయినచో తొమ్మిది), ఆరంకెల సంఖ్యలు తొమ్మిది లక్షలుండగా అందు సరిగా లక్షకు ఈ శుక్రుడే దక్కును. దక్షిణ పుచ్చుకొనుట మాత్రము శేషము మిగల్చని భాగహారము.

తాత్పర్యము: ఈ ఆరంకెలు టైపు చేయగానే కొన్ని ఫారములలో జిల్లా గడి తనంతట తానే 'తూర్పు గోదావరి' అని నిండును, 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లా అయిన సంగతి దానికి పట్టదు, దిద్దబోయిన కదలదు. తరువాత ఫోనులో "పోలవరమంటే డ్యామ్ దగ్గరేనాండీ?" అని ప్రశ్న వచ్చును, ఆ పోలవరము ఎగువన, ఈ పోలవరము డెల్టాలో, నడుమ పార్సెలు. ఇన్ని గుణములు గల సంఖ్యకు ఊరిని చూపు గుణమొక్కటియే కొరవడినది. ఫారములు తయారుచేయువారు ఆ జిల్లా గడిని దిద్దుకొను వీలు కల్పింతురు గాక.