ఏ బెటాలియన్‌లో చేరమంటారు?

మన దేశంలో ఉద్యోగం ఉన్నవాళ్ళనే రమ్మనే సైన్యం ఒకటుంది. దాని పేరు టెరిటోరియల్ ఆర్మీ. మిగతా నోటిఫికేషన్లన్నీ నిరుద్యోగి కోసం పుడతాయి. ఇది మాత్రం "నీకు వేరేచోట సంపాదన ఉందా? ఉంటేనే రా" అంటుంది. ఏటా రెండు నెలలు శిక్షణ, దేశానికి అవసరమైతే పిలుపు, మిగతా రోజుల్లో ఎవరి కుర్చీలో వాళ్ళు. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న రాజాజీ ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో పనిచేసింది. ఇంత చరిత్ర ఉన్న సంగతి మా అపార్ట్‌మెంటుకి మాత్రం 2025 మే నెలలో తెలిసింది.

పాకిస్తాన్‌తో ఘర్షణ జరుగుతూ టీవీలో మ్యాపులు, బాణాలు, సైరన్లు నడుస్తున్న రోజులవి. టెరిటోరియల్ ఆర్మీని పిలుచుకునే అధికారం ఆర్మీ చీఫ్‌కి ఇస్తూ కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. 32 పదాతి బెటాలియన్లు ఉంటే వాటిలో 14 బెటాలియన్లని రంగంలోకి దించడానికి అనుమతి కూడా అందులోనే ఉంది. ఆ సాయంత్రం సెల్లార్‌లో కుర్చీలు వేసుకున్న పెద్దమనుషుల్లో ఒకాయన ఫోన్లోంచి తల ఎత్తి, "మనబోటివాళ్ళు కూడా చేరచ్చటండీ. వయసు నలభై రెండు దాటకూడదంతే" అన్నారు. అక్కడ నలభై రెండు దాటనివాళ్ళం ముగ్గురమే. మిగతావాళ్ళందరి ఉత్సాహమూ మా ముగ్గురి మీద పడింది.

చేరచ్చని తేలాక చేరాలా వద్దా అన్న ప్రశ్న రావాలి కదా. రాలేదు. ఎందులో చేరాలన్నది వచ్చింది. ఎంసెట్ మనకి చేసిన అలవాటిది. ర్యాంకు కార్డు ఇంకా రాకముందే వెబ్ ఆప్షన్ల వరస రాసిపెట్టుకునే జాతి మనది.

మొదటి ఆప్షన్ ముగ్గురిదీ ఒకటే, పారా. కారణం ధోనీ. 2011లో ఆయనకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది టెరిటోరియల్ ఆర్మీలోనే, అదీ బెంగళూరులోని 106 పారా బెటాలియన్‌లో. కపిల్‌దేవ్‌కీ, మోహన్‌లాల్‌కీ కూడా ఇలాంటి హోదాలే ఇచ్చారు. "మరింకేం, క్రికెటర్లకీ సినిమావాళ్ళకీ ఇచ్చింది మనకివ్వరా?" అన్నాడు మూడో అంతస్తు మిత్రుడు. గౌరవ హోదా వాళ్ళు ఇచ్చేది, మనం దరఖాస్తు పెట్టుకునేది కాదని చెప్పాను. పైగా ధోనీ ఊరికే టోపీ పెట్టుకుని ఫొటో దిగి ఊరుకోలేదు. 2015లో ఆగ్రాలో విమానం లోంచి ఐదుసార్లు దూకి పారా రెక్కల బ్యాడ్జీ సంపాదించాడు. మా మిత్రుడు లిఫ్టు చెడిపోయిన రోజున మూడో అంతస్తు నుంచి దిగడం ఇష్టం లేక వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకునే మనిషి. పారా ఆప్షన్ అక్కడితో కొట్టేశాం.

మా బావమరిది రైల్వేలో పనిచేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. "మా వాళ్ళకి వేరేగా రైల్వే రెజిమెంట్ ఉంది బావా. మీలాంటివాళ్ళకి అందులో చోటు లేదు" అన్నాడు, ఏసీ ఫస్ట్ క్లాసు తలుపు దగ్గర నిలబడ్డట్టు. నిజమే. రైల్వే, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ లాంటి సంస్థల ఉద్యోగులతోనే నడిచే యూనిట్లు కొన్నున్నాయి. యుద్ధమొచ్చినా సమ్మె వచ్చినా బండీ, చమురూ ఆగకూడదని వాటిని పెట్టారు. నేను పనిచేసేది ప్రభుత్వ బ్యాంకులో. బ్యాంకు వాళ్ళకి బెటాలియన్ లేదా అని వెతికాను, లేదు. ఎందుకు పెట్టలేదో నాకు అర్థం కాలేదు. సరిహద్దు దగ్గర ఒక కౌంటర్ తెరిచి, వచ్చిన ప్రతి శత్రువు చేతిలోనూ కేవైసీ ఫారం పెట్టి, రెండు ఫొటోలూ ఆధార్ జిరాక్సూ తెమ్మంటే వాడు మళ్ళీ ఆ దిక్కుకి రాడు.

నిజం చెప్పొద్దూ, నా మనసు మాత్రం ఎకో బెటాలియన్ మీద పడింది. సున్నపురాయి కోసం తవ్వి తవ్వి ముస్సోరీ కొండల్ని బోడిగుండు చేసేస్తే, వాటి మీద మళ్ళీ చెట్లు పెంచడానికి 1982లో గఢ్వాల్ వాళ్ళతో 127 బెటాలియన్ పెట్టారు. మరుసటి ఏడు రాజస్థాన్ ఎడారిలో ఇంకోటి. తుపాకీ పట్టిన చేతులు మొక్కలు నాటడం, నాటినవాటిని మేకల నుంచీ మనుషుల నుంచీ కాపాడటం. ప్రపంచంలో ఏ సైన్యం చేసిన పనైనా ఇంతకన్నా మెచ్చుకోదగ్గది ఉంటుందని నేననుకోను. ఈ ముక్క సెల్లార్‌లో అంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీవీలో మొక్కలు నాటే బెటాలియన్‌ని చూపించరు కదా. తీరా నిబంధన చూస్తే, వాటిలో తీసుకునే జవాన్లు మాజీ సైనికులు. అంటే మొక్క నాటడానికి ముందు ఓ పదిహేనేళ్ళు అసలు సైన్యంలో చేసి రావాలి.

ఈలోగా మా అమ్మ తన ఆప్షన్ తేల్చేసింది. గార్డ్స్ రెజిమెంట్‌కి చెందిన 125 టెరిటోరియల్ బెటాలియన్ సికింద్రాబాద్‌లో ఉందని ఎవరో చెప్పారట. "సికింద్రాబాదే కదరా, ఏడో నంబరు బస్సు ఎక్కితే దిగేది అక్కడే. మధ్యాహ్నం క్యారేజీ పంపిస్తాను" అంది. బెటాలియన్ అడ్రసు సికింద్రాబాద్ అయినా పంపితే ఎక్కడికైనా పోవాలని చెబితే, "అయితే ఇంటి దగ్గరే ఉండేది చూడు" అంది. స్థానికుల్ని స్థానికంగానే ఉంచే బెటాలియన్లూ లేకపోలేదు, కానీ అవి జమ్మూ కశ్మీర్‌లో ఉన్నాయి. వాటికోసం ముందు ఇల్లు అక్కడికి మార్చాలి. ఈఎంఐ ఇంకా తొమ్మిదేళ్ళు ఉంది.

ఇక పెద్దవాళ్ళని అడగడమే మంచిదని మా మావయ్యకి ఫోన్ చేశాను. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే గోదావరి జిల్లాల్లో గుర్తుపడతారు. ఆ ఊళ్ళో సైన్యానికి మనిషినివ్వని ఇల్లు వెతుక్కోవాలి. మావయ్య హవల్దారుగా రిటైరయ్యాడు. ఏ యూనిట్ మంచిదని అడిగితే ఆయన యూనిట్ ఊసే ఎత్తలేదు.

"పొద్దున్నే ఎన్నింటికి లేస్తావురా?"

"ఏడు... ఆదివారాలు ఎనిమిది."

అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. "ఒరేయ్, రెగ్యులర్ వాళ్ళు ముందుకి పోతే వెనకాల వంతెనలూ, డిపోలూ, దార్లూ ఎవరు కాయాలి? అదీ టెరిటోరియల్ వాళ్ళ పని. వరదలొస్తే పడవెక్కాలి. సినిమాలో చూపించేది ఏడాదికోసారి ఉంటుందో లేదో, కాపలా మాత్రం రోజూ ఉంటుంది. రాత్రి రెండింటికి చలిలో నిలబడి ఏమీ జరక్కపోవడాన్ని చూస్తూ ఉండాలి. అది చేయగలిగితే ఏ యూనిట్ అయినా మంచిదే."

ఏమీ జరక్కపోవడాన్ని చూస్తూ కూర్చోవడంలో బ్యాంకు ఉద్యోగికి అనుభవం ఉంటుంది గానీ, రాత్రి రెండింటికి లేదు. ఆఫీసర్ కాకపోతే జవానుగా వెళ్ళచ్చు కదా అని మావయ్యే ఇంకో దారి చూపించాడు. జనరల్ డ్యూటీ ఉంది, క్లర్కు ఉంది, వంటవాడు, దర్జీ, మంగలి, చాకలి, వడ్రంగి ఉన్నారు. "లంగర్‌లో చేరరా. కల్నల్ సాబ్ కూడా వంటవాడితో మర్యాదగా మాట్లాడతాడు" అన్నాడు. మా ఆవిడ ఈ మాట స్పీకర్‌లో విని, "బాబాయ్‌గారూ, ఈయన ఉప్మా చేస్తే శత్రుదేశం వాళ్ళకి పెట్టాలి" అంది. కొలతలు కూడా ఆవిడే తీసింది. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలకి తగ్గకూడదు. బరువు విషయంలో నేను ప్రభుత్వానికి ఎంతో ఎక్కువే ఇచ్చాను. ఛాతీ 77 ఉండి, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలట. పీల్చాను. టేపు కదిలింది, కాకపోతే అది కట్టాల్సిన చోటికి ఒక జానెడు కింద.

అప్పుడు నోటిఫికేషన్ మొత్తం చదివింది మా ఆవిడ. అప్పటిదాకా మేం ముగ్గురం చదివింది యూనిఫాం ఫొటోల వరకే. దేశమంతటికీ కలిపి ఆ ఏడాది ఆఫీసర్ పోస్టులు 19. అందులో 18 పురుషులకి, ఒకటి మహిళలకి. ఆ ఒక్కటైనా ఉందంటే 2018లో ఢిల్లీ హైకోర్టు మహిళలకి దారి తెరవబట్టే. డిగ్రీ ఉండాలి, సంపాదన ఉండాలి, రాతపరీక్షలో రీజనింగ్, లెక్కలు, జీకే, ఇంగ్లిష్. ప్రభుత్వ ఉద్యోగులైతే పై అధికారి నుంచి నో అబ్జెక్షన్ తేవాలి.

నో అబ్జెక్షన్ కోసం మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన దేశభక్తుడే. "తప్పకుండా వెళ్ళండి. రెండు నెలలే కదా, మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు క్లోజింగులు తప్పించి, ఆడిట్ లేని రెండు నెలలు చూసుకోండి" అన్నారు. అలాంటి రెండు నెలలు క్యాలెండర్లో ఎక్కడున్నాయో ఆయనా నేనూ కలిసి వెతికాం. పక్క కౌంటర్ ఆయన మాత్రం నేను పోతే ఆ సీటు తనదేనని ఆశపడ్డాడు. సైన్యం పిలిచిన ఉద్యోగిని తిరిగి చేర్చుకోవాలని 1948 చట్టంలోనే రాసి ఉందని తెలిశాక నాతో టీకి రావడం మానేశాడు.

మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. నాలుగున్నరకి లేస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క పోస్టుకి దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి వచ్చింది. ఏ యూనిట్ కావాలని నేనడిగితే, "ముందు సెలెక్ట్ చేయనివ్వండి. వాళ్ళు ఎక్కడ వేస్తే అక్కడికి పోవడాన్నే కదా సైన్యం అంటారు" అంది. ఆ ఏడాది రాలేదు. మళ్ళీ రాస్తానంటోంది.

కాబట్టి 18కీ 42కీ మధ్య వయసుండి, డిగ్రీ, సంపాదన, తెల్లవారుజామున లేచే అలవాటు ఉన్న పాఠకులారా, ఈసారి నోటిఫికేషన్ పడితే తప్పకుండా రాయండి. పురుషుల పోస్టులకి నా పోటీ మీకు ఉండదు. నేను చేయగలిగిన దేశసేవ ప్రస్తుతానికి అదే.