పీపీ తాత

ఇంగ్లండులో ఏ ఊరికెళ్ళినా ఒక పీపీ తాత తగులుతాడు. ఆ పేరు మా అబ్బాయి పెట్టింది. లోకం దృష్టిలో ఆయన రిటైరైన లెక్కల మాస్టారో, రైల్వే ఇంజనీరో, పళ్ళ డాక్టరో కావచ్చు. అసలు పని మాత్రం రికార్డర్ ఊదడం. టేపు రికార్డరు కాదు. నిలువుగా పట్టుకుని ఊదే అడుగు పొడుగు వేణువు, ముందు 7 బెజ్జాలు, వెనక బొటనవేలికి ఒకటి. ఇక్కడి ప్రైమరీ స్కూళ్ళలో ఏడెనిమిదేళ్ళ పిల్లల చేతికి ప్లాస్టిక్‌ది ఒకటి ఇచ్చి, క్లాసు క్లాసంతా ఒకేసారి ఊదిస్తారు. పెద్ద స్కూలుకి వెళ్ళేనాటికి దాదాపు అందరూ దాన్ని సొరుగులో పడేసి గిటారో ఫుట్‌బాలో అందుకుంటారు. మిగిలిపోయిన ఆ ఒక్కడే పీపీ తాత. పట్టుదల అనుకునేరు, అలాంటిదేమీ లేదు. మానేయడం మరిచిపోయాడు, అంతే. ఈమధ్య స్కూళ్ళవాళ్ళు యుకులేలే ఇస్తున్నారని ఆయనకో బెంగ.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. చలికాలం బస్టాపులో కోటు లోపల చేయి దూర్చుకుని నిలబడతాడు. గుండెనొప్పేమోనని కంగారు పడక్కర్లేదు, చంకలో గొట్టం వెచ్చబెట్టుకుంటున్నాడు. చల్లటి గొట్టంలోకి వెచ్చటి ఊపిరి పోతే నీరు చేరి దాని గొంతు పూడుకుపోతుంది. అప్పటికీ పూడుకుంటే, పాట మధ్యలో సందు చూసుకుని సుర్రున లోపలికి పీలుస్తాడు. అదే చప్పుడు టీ తాగుతూ చేస్తే ఆయన భార్య ఊరుకోదు. పై స్వరాలు పలకాలంటే వెనక బెజ్జాన్ని బొటనవేలి గోటితో చిటికెడంత తెరవాలి. ఆ గోరు ఎంత ఉండాలన్న దానిమీద ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. ఎవరూ అడగరు. బాదం నూనె సీసాలు కొంటాడు, నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. ఆ నూనంతా చెక్క గొట్టాలకే.

మా పీపీ తాత మాకు గోడ ద్వారా పరిచయమయ్యాడు. మా అబ్బాయి స్కూలు నుంచి ఆకుపచ్చ రికార్డర్ తెచ్చుకుని 'హాట్ క్రాస్ బన్స్' మొదలెట్టాడు. మొత్తం పాటకి మూడే స్వరాలు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ జపమాల పక్కనపెట్టి, "ఒరేయ్, దీనికి నాలుగోది లేదట్రా?" అని అడిగింది. ఓ సాయంత్రం తలుపు తట్టిన చప్పుడైంది. చూస్తే పక్కింటాయన. ఫిర్యాదుకే వచ్చాడనుకుని, క్షమాపణలు కూడబలుక్కుంటూ తలుపు తీశాను. ఆయన నా మొహం చూడనే లేదు. తిన్నగా పిల్లాడి దగ్గరకెళ్ళి చేతులు చూసి, "ఎడమ చెయ్యి పైన బాబూ, కుడిది కింద" అన్నాడు. తరవాత, "అంత గట్టిగా వద్దు. వేడి సూపు ఒలక్కుండా చల్లార్చుకుంటున్నట్టు ఊదు" అన్నాడు.

ఆ వాయిద్యం తంటా అంతా అక్కడే ఉంది. మన పిల్లనగ్రోవి అడ్డంగా పట్టి ఊదితే మొదట్లో గాలి తప్ప ఏమీ రాదు. అందుకే పలికించినవాడికి గౌరవం. రికార్డర్‌కి మూతిలోనే గాలి పోవడానికి దారి చెక్కి ఉంటుంది, ఎవడు ఊదినా పలుకుతుంది. ఏడేళ్ళవాడు పలికించేదాన్ని ఎవరు గౌరవిస్తారు? పైగా గట్టిగా ఊదితే శ్రుతి పెరుగుతుంది, మెల్లగా ఊదితే పడిపోతుంది. ధ్వనిలో హెచ్చుతగ్గులు కోరిన 18వ శతాబ్దపు ఆర్కెస్ట్రాలు దీన్ని వదిలేసి అడ్డ వేణువును పట్టుకున్నాయి. బాఖ్, వివాల్డీ, టెలిమన్ దీనికోసం రాసిన సంగీతం కాయితాలమీద అలాగే ఉండిపోయింది. ఇదంతా పీపీ తాత నిన్న తనకే జరిగిన అన్యాయంగా చెబుతాడు.

ఆయన పురాణాల్లో వాటర్లూ కాండ ముఖ్యమైనది. 1919లో ఆర్నల్డ్ డోల్మెచ్ అనే వాయిద్యాల తయారీదారు దగ్గరున్న పాతకాలపు రికార్డర్, సంచితో సహా లండన్ వాటర్లూ స్టేషన్లో పోయింది. మరిచిపోయింది ఆయన చిన్నకొడుకు కార్ల్. పోయినదాని బదులు డోల్మెచ్ తానే కొత్తది చేయడానికి పూనుకున్నాడు. ఇంగ్లండులో రికార్డర్ మళ్ళీ ఊపిరి పోసుకున్నది ఆ పనితోనే. 1937లో రికార్డర్ వాద్యకారుల సంఘం పెట్టినవాళ్ళలో, సంచి మరిచిపోయిన ఆ కార్ల్ కూడా ఉన్నాడు. ఒక పిల్లాడి మతిమరుపు అలా అలా పాకి మా గోడదాకా వచ్చిందన్నమాట. పీపీ తాత మాత్రం రైలెక్కగానే సంచి పట్టీ కాలికి చుట్టుకుంటాడు.

రెండోది ఎనిమిదో హెన్రీ రాజుగారి కథ. 1547లో ఆయన పోయాక తీసిన ఆస్తి జాబితాలో 76 రికార్డర్లున్నాయి. పీపీ తాత దగ్గర 11. వయసుతోపాటు గొట్టాలూ పెరిగాయి: డెస్కాంట్ తరవాత ట్రెబుల్, టెనర్, బేస్. మనిషికంటే పొడుగున్న కాంట్రాబేస్ ఒకటి మెట్లకింద నిలబడి ఉంటుంది, చీకట్లో దొంగేమోనని ఆయనే రెండుసార్లు హడలిపోయాడు. కొత్తది కొన్నప్పుడల్లా భార్యకి రాజుగారి లెక్క అప్పజెబుతాడు. "ఆ 76 వినడానికి రాజుగారికి ఆరుగురున్నారు. ఇక్కడ నేనొక్కదాన్నే" అంటుందావిడ.

కుర్రాళ్ళెవరైనా నవ్వితే ఆయన దగ్గర ఒకటే అస్త్రం: 1971లో లెడ్ జెపెలిన్ వాళ్ళ 'స్టెయిర్‌వే టు హెవెన్' మొదట్లో వినిపించేది రికార్డర్లే. కుర్రాళ్ళు నమ్మరు. ఫోన్లో విని, కాసేపు మాట్లాడరు.

నెలకో శనివారం చర్చి హాల్లో వీళ్ళ జాతర. పాతికముప్ఫైమంది పీపీ తాతలు, బామ్మలు. వచ్చినవాళ్ళంతా ఊదుతారు, వినేవాళ్ళకి ఏర్పాటంటూ లేదు. త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాల గోష్ఠి చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొంత అర్థమవుతుంది. అక్కడ వినడానికి కనీసం త్యాగయ్య విగ్రహమన్నా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. మధ్యలో ఎవరో దారి తప్పుతారు, అందరూ నవ్వుతారు, మళ్ళీ మొదట్నుంచి. చివరి స్వరం అందరూ ఒక్కసారే ఆపడం అరుదు. ఆపిన రోజున టీతో ఇంకో బిస్కెట్టు. మన సభల్లో వాయించేవాడి కళ్ళు మొదటి వరసలో ఎవరు లేచిపోతున్నారన్నదాని మీదుంటాయి. ఇక్కడ లేచిపోవడానికి ఎవరూ లేరు కాబట్టి, అరవయ్యేళ్ళుగా ఊదుతున్నవాడు కూడా నిన్ననే స్కూల్లో ఇచ్చినంత సంబరంగా ఊదుతాడు. ఈ సుఖం మన విద్వాంసుల్లో ఎందరికి దక్కిందో నాకు అనుమానమే.

పొరపాటున ఎవరైనా వినడానికి వస్తే చేతికో గొట్టం ఇచ్చి కూర్చోబెడతారు. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే వెళ్ళేవాణ్ణి కాదు. మా అబ్బాయి ట్రెబుల్ పట్టుకున్నాడు కదా చూద్దామని అమ్మని వెంటబెట్టుకు వెళ్ళాను. అమ్మ పీపీ తాతని ఎగాదిగా చూసి, "దొరగారు కృష్ణుడిలా అడ్డంగా పట్టుకోరేం?" అంది. మావాడు తర్జుమా చేశాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, కృష్ణుడి పొరపాటును తాను క్షమించేశానన్నట్టు తలూపాడు.

తరవాత టీ కప్పు పట్టుకున్న నా చేతికేసి చూడటం మొదలెట్టాడు. టెనర్ ఊదేవాళ్ళు తక్కువయ్యారట. దాని బెజ్జాలు ఎడమెడంగా ఉంటాయి, పొడుగు వేళ్ళు కావాలట. నేను కప్పు కిందపెట్టి రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాను.

ఏమంటున్నాడో మావాడు అమ్మకి చెప్పాడు.

"చిన్నప్పట్నుంచీ మావాడివి పొడుగు వేళ్ళే బాబూ" అంది అమ్మ, తెలుగులోనే. మావాడు అదీ తర్జుమా చేసేశాడు.