జీహెచ్006కు టీకా తాత్పర్యములు

మూలము: రిమోట్: ఎర్రర్: జీహెచ్006: ప్రొటెక్టెడ్ బ్రాంచ్ అప్‌డేట్ ఫెయిల్డ్ ఫర్ రెఫ్స్/హెడ్స్/మెయిన్. ఎట్ లీస్ట్ వన్ అప్రూవింగ్ రివ్యూ ఈజ్ రిక్వైర్డ్ బై రివ్యూయర్స్ విత్ రైట్ యాక్సెస్.

అవతారిక: మార్గశిర పౌర్ణమికి మల్దకల్ తిమ్మప్ప బ్రహ్మోత్సవాలకని ఇంటికొచ్చి, బయట జాతర సాగుతుండగా లోపల లాప్‌టాప్ తెరిచిన ఇంజనీరుకు గిట్‌హబ్ ఈ వాక్యమును అనుగ్రహించును. అతడు మార్చినది రెండు లైన్లు. ఆమోదించవలసిన మహానుభావుడు కాలిఫోర్నియాలో నిద్రించుచున్నాడు. డిసెంబరులో అక్కడికీ ఇక్కడికీ పదమూడున్నర గంటల తేడా.

ప్రతిపదార్థము: సులభము. కావున విడువబడినది.

సందర్భము: 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను సృష్టించెను. అందులో పుష్ చేసే హక్కున్నవాడు మెయిన్ బ్రాంచీలోకి నేరుగా తోసేయవచ్చును; ఫోర్స్ పుష్ అను బ్రహ్మాస్త్రముతో పాత చరిత్రను చెరపవచ్చును. 2013 నవంబరులో జెంకిన్స్ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒకరు పొరపాటున ఆ అస్త్రం వదిలితే 180కి పైగా రిపాజిటరీల బ్రాంచీలు ఒక్కసారిగా వెనక్కిపోయాయి. 2015లో గిట్‌హబ్ ప్రొటెక్టెడ్ బ్రాంచీలు తెచ్చింది. తాళం ఉండవలసిందే. వ్యాఖ్యాతకు తాళంతో పేచీ లేదు, తాళంచెవి చేతిలో పెట్టుకుని ఫోనెత్తని వారితోనే.

వ్యాఖ్య: రివ్యూ అనగా చదువుట. కోలాచల మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెడుతూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. ఆయన మన తెలుగు నేలవాడే. మెదక్ ప్రాంతపు కొల్చారం ఆయన ఊరంటారు. ఆ మాట మీద నిలబడే రివ్యూయర్ ఈ కలియుగమున దుర్లభుడు. మామూలు రివ్యూయర్ డబ్బు లెక్కగట్టే ఫంక్షన్‌ను ఒక్క ముక్క అనక దాటవేసి, ఫైలు చివర ఖాళీ లైను లేదని మూడు కామెంట్లు రాయును. లేదా అసలు తెరవకనే ఎల్‌జీటీఎం (లుక్స్ గుడ్ టు మీ) అని నాలుగక్షరాలు ప్రసాదించును. రెంటిలో ఏది మేలో పండితులు తేల్చలేదు.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలసియున్నది. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఎవరో రాసిపారేస్తే, ఆ మాటను ఖండిస్తూ వ్యాసం ఒకటి రాసి ఊరుకోలేదు. కవులున్నారా, అయితే పంపండి అని అడిగారు. జిల్లాల నుంచి పద్యాలు వచ్చిపడ్డాయి. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. సంపాదకుడి భాషలో ఏమంటారో గానీ, ఇంజనీర్ల భాషలో ఇది 354 మంది మార్పులను ఒకే బ్రాంచీలో మెర్జ్ చేయడం. కాన్‌ఫ్లిక్టులూ ఉండే ఉంటాయి, కవులు కదా. అందులో సంస్థానపు పండితుడూ ఉన్నాడు, పేరు ఎవరూ విననివాడూ ఉన్నాడు. గద్వాలను విద్వద్గద్వాల అన్నది ఊరికే కాదు. అక్కడి సోమనాద్రి కోటలోకి పండితులు బిరుదుల కోసం, బహుమానాల కోసం వచ్చేవారు. ప్రతాపరెడ్డి పద్ధతి వేరు. కవి తన గుమ్మం ముందు నిలబడే దాకా ఆగలేదు, తానే వెతికారు. ఆ వెతుకులాటలో సగమైనా నేటి మెయింటెయినర్లకు ఉంటే ఈ టీక రాసే పని ఉండేది కాదు.

ఆ పద్ధతికి బదులు, కదలని పుల్ రిక్వెస్టులను మూసేసే ఇప్పటి స్టేల్ బాట్ ఆ కాలంలో ఉంటే ఏమయ్యేది? దాని డిఫాల్టు ప్రకారం 60 రోజులు కదలిక లేని పుల్ రిక్వెస్టుకు స్టేల్ అని ముద్ర పడుతుంది. ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. అలంపురం నుంచి వచ్చిన కందపద్యం, చూసే తీరిక సంపాదకుడికి లేదన్న నేరానికి, పాసిపోయిందని తిరిగి వెళ్ళేది. ఆలస్యం చేసినది చదవనివాడు, శిక్ష రాసినవానికి! ఇది ఏ ధర్మశాస్త్రమో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

అన్నట్టు, ప్రతాపరెడ్డి గారి పేరున సురవరం అనే తెలుగు ఫాంటు ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఆయన పేరిట ఉన్న అక్షరాలు ఇప్పుడు గిట్ రిపాజిటరీలో కాపురముంటున్నాయి.

ప్రకృతమునకు వచ్చెదము. ఈ శాస్త్రమున సూక్ష్మములు రెండు. మొదటిది: కొత్త కమిట్ పడితే పాత ఆమోదం రద్దగునట్లు ఒక సెట్టింగు కలదు. రివ్యూయర్ ఆమోదించి, "ఆ కామా ఒక్కటి సరిచెయ్యి" అనును. కుర్రవాడు కామా సరిచేయును. ఆమోదం ఎగిరిపోవును. రివ్యూయర్ అప్పటికే మీటింగులో ఉండును. రెండవది: ఎవరు రాసినదానిని వారే ఆమోదించుకొనరాదు, కానీ నియమాలు దాటే సౌకర్యాన్ని ప్రత్యేకించి తీసివేయకపోతే, అడ్మిన్‌లు ఈ నియమాలన్నిటినీ దాటి మెర్జ్ చేయగలరు. నియమం పెట్టినవారికి ఆ నియమం డిఫాల్టుగా వర్తించదన్నమాట.

పాఠాంతరము: "యూ ఆర్ నాట్ అలౌడ్ టు పుష్ కోడ్ టు ప్రొటెక్టెడ్ బ్రాంచెస్ ఆన్ దిస్ ప్రాజెక్ట్" అని గిట్‌ల్యాబ్ వారి పాఠం. గిట్‌హబ్ పాఠం ఏమి కావాలో చెప్పును, ఇది పొమ్మని మాత్రమే చెప్పును. ఎవరిని అడగాలో రెంటిలోనూ లేదు. అందుకోసం 2017 నుంచి గిట్‌హబ్‌లో కోడ్‌ఓనర్స్ అనే ఫైలు పెట్టుకోవచ్చు. ఏ ఫోల్డరుకు ఎవరు బాధ్యులో అందులో రాస్తారు. చాలా కంపెనీల్లో ఆ ఫైలును ఒకసారి రాసి మరచిపోతారు. ఇంజనీరు అది తెరిచి చూసెను. అందులో పేరున్న ఇద్దరూ ఎప్పుడో కంపెనీ మారారు.